కట్టప్ప సమాధానం పుస్తకంలో పెట్టి ఉంటే? వీడియో గేమ్ కథకు నవలలు మేలు చేస్తాయా.. చెడగొడతాయా?

2015 జులైలో ‘బాహుబలి’ మొదటి భాగం చూసి థియేటర్ నుంచి బయటికొచ్చిన ప్రతి ఒక్కరి నోటా ఒకటే ప్రశ్న.. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? దాని మీద జోకులొచ్చాయి, మీమ్స్ వచ్చాయి. జనం దాదాపు రెండేళ్లు ఓపిక పట్టారు. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చింది. సమాధానం తెర మీదే దొరికింది.

ఒక్కసారి ఇలా ఊహించుకోండి. రెండో భాగం తీయట్లేదని చెప్పేశారు. కట్టప్ప ఎందుకు చంపాడో తెలియాలంటే ఫలానా నవల కొనుక్కుని చదువుకోమన్నారు. మీకెలా ఉండేది?

‘బాహుబలి’కి అలా జరగలేదు. కానీ సైన్స్ ఫిక్షన్ వీడియో గేమ్‌లలో పెద్ద పేరున్న ‘మాస్ ఎఫెక్ట్’ సిరీస్‌లో దాదాపు ఇలాంటిదే జరిగింది. 2017 మార్చిలో వచ్చిన ‘మాస్ ఎఫెక్ట్: ఆండ్రోమెడా’ చివర్లో ఒక పెద్ద ప్రశ్న వదిలిపెట్టారు. దానికి జవాబు ఆ తర్వాతి ఏడాది నవలగా వచ్చింది. ఆ సంగతి కాసేపట్లో చూద్దాం. ముందు అసలు విషయం.. గేమ్‌ల ఆధారంగా వచ్చే ఈ నవలల వల్ల గేమ్ కథ బాగుపడుతుందా, లేదా?

అసలు ఈ నవలలు ఎందుకు?

గేమ్‌లో కథ చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. ఆడేవాడి చేతిలో కంట్రోలర్ ఉంటుంది. ఎదురుగా శత్రువు ఉంటాడు. ఆ టైమ్‌లో హీరో చిన్నప్పుడు ఏం జరిగిందో అరగంట చెబుతానంటే ఎవరు వింటారు? బటన్ నొక్కి స్కిప్ చేసేస్తారు. పైగా చాలా గేమ్‌లలో హీరో ఎక్కువగా మాట్లాడడు. హెల్మెట్ వెనక ముఖం కూడా కనిపించదు. ఆ పాత్రలో ఆడేవాడు తనను తాను చూసుకోవాలని అలా చేస్తారు.

నవలకు ఈ ఇబ్బంది లేదు. మనిషి మనసులో ఏం నడుస్తుందో పది పేజీలు రాయొచ్చు. ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లొచ్చు. వంద ఓడలు ఢీకొన్న యుద్ధాన్ని గ్రాఫిక్స్ ఖర్చు లేకుండా నాలుగు పేరాల్లో చూపించొచ్చు. వ్యాపార లెక్క కూడా ఉందనుకోండి. గేమ్ రాకముందే షాపుల్లో పుస్తకం పేరు కనిపిస్తే అదో ప్రచారం. అందుకే పెద్ద గేమ్ కంపెనీలు ఈ దారి పట్టాయి.

దారి పట్టినవాళ్లందరూ ఒకే చోటికి చేరలేదు మరి.

ఆరేళ్ల పిల్లాడు, ఒక నాణెం

ఈ తరహా నవలల్లో ఇప్పటికీ మొదట చెప్పుకునే పేరు ‘హేలో: ది ఫాల్ ఆఫ్ రీచ్’. ఎరిక్ నైలండ్ రాశారు. 2001 అక్టోబర్ 30న వచ్చింది. మొదటి ‘హేలో’ గేమ్ వచ్చింది నవంబర్ 15న. అంటే గేమ్ కంటే రెండు వారాల ముందే పుస్తకం బయటికొచ్చింది.

గేమ్‌లో కథ సూటిగా ఉంటుంది. రీచ్ అనే గ్రహం శత్రువుల చేతికి చిక్కింది. అక్కడి నుంచి తప్పించుకున్న ‘పిల్లర్ ఆఫ్ ఆటమ్’ అనే ఓడలో మాస్టర్ చీఫ్ నిద్ర లేస్తాడు. ఆకుపచ్చ కవచం, బంగారు రంగు అద్దం, తక్కువ మాటలు. ఎవడీ మనిషి? ఎక్కడ పుట్టాడు? గేమ్ పెద్దగా పట్టించుకోదు. తుపాకీ చేతికిచ్చి పరిగెత్తమంటుంది. అందులో తప్పేం లేదు, గేమ్ బ్రహ్మాండంగా ఆడింది.

నవల ఆ మనిషి బాల్యాన్ని చూపిస్తుంది. 2517వ సంవత్సరం. ఎరిడానస్ 2 అనే గ్రహం మీద ఒక స్కూల్ ఆటస్థలం. జాన్ అనే ఆరేళ్ల పిల్లాడు తోటి పిల్లలతో ఆడుకుంటూ ఉంటాడు. డాక్టర్ కేథరిన్ హాల్సీ అనే సైంటిస్ట్ వచ్చి, నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా అని అడుగుతుంది. పిల్లాడు సరిగ్గా చెబుతాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే వాడిని ఇంటి నుంచి ఎత్తుకుపోతారు. ఇలా మొత్తం 75 మంది పిల్లలు. తల్లిదండ్రులకు అనుమానం రాకుండా ప్రతి పిల్లాడి స్థానంలో ఒక నకలును పెడతారు. ఆ నకళ్లు ఎక్కువ కాలం బతకవు. కన్నవాళ్లు తమ బిడ్డే రోగంతో పోయాడనుకుని ఏడ్చుకుంటారు.

పిల్లలకు 14 ఏళ్లు రాగానే శరీరాలను మార్చే ఆపరేషన్లు చేస్తారు. వాటిలో 30 మంది చనిపోతారు. 12 మంది వికలాంగులవుతారు. మిగిలినవాళ్లే స్పార్టన్లు. మనం గేమ్‌లో హీరో అని చప్పట్లు కొట్టే మాస్టర్ చీఫ్ వాళ్లలో ఒకడు.

ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువే. ఆ రోజు ఆటస్థలానికి హాల్సీ ఒంటరిగా రాలేదు. ఆమె వెంట జేకబ్ కీస్ అనే కుర్ర ఆఫీసర్ వచ్చాడు. పిల్లల్ని ఎందుకు చూస్తున్నారో అతనికి అప్పటికి పూర్తిగా తెలియదు. ఆ కుర్రాడే ముప్పై అయిదేళ్ల తర్వాత గేమ్‌లో కనిపించే కెప్టెన్ కీస్! గేమ్ చివర్లో ‘కీస్’ పేరుతోనే ఒక మిషన్ ఉంటుంది. కెప్టెన్‌ను కాపాడటానికి మాస్టర్ చీఫ్ శత్రువుల ఓడలోకి చొరబడతాడు. చేరేసరికి ఆలస్యమైపోతుంది. ఫ్లడ్ అనే పరాన్నజీవి అతన్ని తనలో కలిపేసుకుని ఉంటుంది. అతని తలలో ఉన్న చిప్ కోసం మాస్టర్ చీఫ్ చేత్తో పొడిచి బయటికి లాగాల్సి వస్తుంది.

పుస్తకం చదవనివాళ్లకు అదొక ఒళ్లు గగుర్పొడిచే సీన్. చదివినవాళ్లకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. చిన్నప్పుడు తనను ఎంపిక చేసిన రోజున అక్కడ నిలబడి ఉన్న మనిషి ఇతనే అని. గేమ్‌లో ఒక్క డైలాగ్ మారలేదు. ఒక్క సీన్ కొత్తగా చేరలేదు. ఆడేవాడి బుర్రలో మాత్రం సీన్ బరువు పెరిగింది.

కాబట్టి నవల గేమ్ కథను బాగుచేసిందా అంటే.. ఖచ్చితంగా చెప్పాలంటే, లేదు. గేమ్ ఎలా ఉందో అలాగే ఉంది. ఆడేవాడిని మార్చింది. ఈ తేడా చాలామంది గమనించరు. ‘హేలో కథ అద్భుతం’ అని వాదించే ఫ్యాన్స్‌లో కొందరు నిజానికి నైలండ్ నవలను పొగుడుతుంటారు. ఆ మార్కులన్నీ గేమ్ ఖాతాలో పడిపోతుంటాయి!

సార్జెంట్ జాన్సన్ బతికిన కథ

ఇంకో మంచి ఉదాహరణ ఇదే సిరీస్‌లో ఉంది. మొదటి గేమ్ చివర్లో హేలో అనే ఆ పెద్ద వలయం మొత్తం పేలిపోతుంది. 2004లో వచ్చిన ‘హేలో 2’ మొదట్లో మాత్రం సార్జెంట్ జాన్సన్ ఏమీ కానట్టు నడుచుకుంటూ వస్తాడు. ఎలా బతికావయ్యా అని తోటి సైనికుడు అడిగితే.. అది రహస్యం, చెప్పకూడదని నవ్వుతూ దాటేస్తాడు. అంతే. కథ ముందుకు సాగిపోతుంది.

ఎలా బతికాడో 2003 డిసెంబర్‌లోనే వచ్చిన ‘ఫస్ట్ స్ట్రైక్’ నవలలో ఉంది. అదీ నైలండ్ రాసిందే. కుతూహలం ఉన్నవాళ్లు వెళ్లి చదువుకుంటారు. లేనివాళ్లు జోక్‌కి నవ్వుకుని ఆట మొదలుపెడతారు. ఇద్దరికీ నష్టం లేదు. జాన్సన్ ఎలా బతికాడో తెలియకపోయినా ‘హేలో 2’ కథలో ఏదీ ఆగిపోదు కదా.

విలన్ ఎవడో తెలియాలంటే పుస్తకం కావాలట!

ఇప్పుడు 2012 నవంబర్‌కు వద్దాం. ‘హేలో 4’ వచ్చింది. అంతకుముందు ఈ గేమ్‌లు చేసిన బంగీ స్థానంలో 343 ఇండస్ట్రీస్ అనే కొత్త స్టూడియో దీన్ని చేసింది. ఇందులో విలన్ పేరు డైడాక్ట్. లక్ష ఏళ్ల నాటి ఫోర్‌రన్నర్ అనే ప్రాచీన జాతి సేనాని. గోళంలోంచి బయటికొస్తాడు, మనుషుల మీద కోపంతో రగిలిపోతుంటాడు. ఎందుకంత కోపం? గేమ్ మధ్యలో లైబ్రేరియన్ అనే పాత్ర వచ్చి గబగబా నాలుగు ముక్కలు చెప్పి వెళ్లిపోతుంది. పాత గేమ్‌లు మాత్రమే ఆడినవాళ్లకు అర్థమైంది తక్కువ, బుర్ర గోక్కున్నది ఎక్కువ.

పూర్తి కథ ఎక్కడుందంటే.. పేరున్న సైన్స్ ఫిక్షన్ రచయిత గ్రెగ్ బేర్ రాసిన మూడు నవలల్లో! ‘క్రిప్టమ్’ 2011లో వచ్చింది. ‘ప్రైమోర్డియమ్’ 2012లో వచ్చింది. మూడోది ‘సైలెంటియమ్’ 2013 మార్చిలో వచ్చింది. అంటే గేమ్ విడుదలైన నాలుగు నెలలకు. గేమ్ మొదటి రోజే కొని ఆడినవాడు, అప్పటికి వచ్చిన పుస్తకాలన్నీ చదివేసి ఉన్నా సరే, విలన్ కథ పూర్తిగా తెలిసే అవకాశమే లేదు. ఇంకో తమాషా ఏంటంటే, నవలల ప్రకారం డైడాక్ట్ అనే పేరుతో ఇద్దరున్నారు. గేమ్‌లో ఉన్నది వాళ్లలో ఎవరో గేమ్ వివరంగా చెప్పదు.

గేమ్‌లో అక్కడక్కడా దాచిన టెర్మినల్స్ వెతికితే కొన్ని వీడియోలు అన్‌లాక్ అవుతాయి. గేమ్ వచ్చినప్పుడు వాటిని కూడా గేమ్‌లో చూసే వీలు లేదు. వేరే యాప్ తెరిచి చూడాల్సి వచ్చేది. తర్వాత డైడాక్ట్ ఏమయ్యాడు? ‘హేలో 4’ చివర్లో కింద పడిపోయాడు. మళ్లీ తిరిగొచ్చి మాస్టర్ చీఫ్‌తో పోరాడింది 2014లో వచ్చిన ఒక కామిక్‌లో. 2015 నాటి ‘హేలో 5’ గేమ్‌లో అతను కనిపించడు. ఒక గేమ్‌కు మెయిన్ విలన్‌.. పూర్తి కథ ఉన్నది నవలల్లో, తిరిగొచ్చి పోరాడింది కామిక్‌లో. మధ్యలో గేమ్‌కు అతిథిగా వచ్చి వెళ్లినట్టుంది.

‘హేలో 5’లోనూ ఇదే తంతు. జుల్ మదామా అనే నాయకుడిని కరెన్ ట్రావిస్ రాసిన నవలలు, తర్వాత కామిక్స్ ఏళ్ల తరబడి పెంచి పెద్ద చేశాయి. గేమ్ మొదటి మిషన్‌లోనే ఒక కట్‌సీన్‌లో అతన్ని చంపేశారు. పుస్తకాలు చదవనివాళ్లు ‘ఎవడు వీడు?’ అన్నారు. చదివినవాళ్లకు ‘ఇంతేనా?’ అనిపించింది. ఇద్దరినీ ఒకేసారి నిరాశపరచడం మామూలు విషయం కాదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఇదే ‘హేలో 4’ హాల్సీని విచారించే సీన్‌తో మొదలవుతుంది. చిన్నపిల్లల్ని ఎత్తుకొచ్చి సైనికులుగా మార్చారు కదా అని ఆమెను నిలదీస్తారు. 2001 నవలలో ఉన్న విషయాన్ని పదకొండేళ్ల తర్వాత తెర మీదికి తెచ్చారన్నమాట. ఆ రెండు నిమిషాలు చాలు, ఏ పుస్తకం చదవనివాడికీ విషయం అర్థమైపోతుంది. ఒకే గేమ్‌లో ఒక విషయం సరిగ్గా చేసి, మరొకటి గాలికొదిలేశారు.

గేమ్, పుస్తకం పోట్లాడుకుంటే?

2010లో బంగీ తీసుకొచ్చిన ‘హేలో: రీచ్’ గేమ్, ‘ది ఫాల్ ఆఫ్ రీచ్’ నవల చెప్పిన యుద్ధాన్నే మళ్లీ చెప్పింది. కానీ వేరేలా! నవలలో రీచ్ మీద పెద్ద దాడి జరిగిందే ఆగస్టు 30న, అదే రోజు గ్రహం పతనమైపోతుంది. గేమ్‌లో పోరాటం జులై నుంచే మొదలై వారాల తరబడి నడుస్తుంది. నవలలో ‘పిల్లర్ ఆఫ్ ఆటమ్’ అంతరిక్షంలో ఉంటే, గేమ్‌లో నేల మీద ఉంటుంది. అదే ఏడాది నవలను మార్పులతో మళ్లీ అచ్చేశారు. లిమిటెడ్ ఎడిషన్ గేమ్‌తో హాల్సీ డైరీ అంటూ ఒక పుస్తకం ఇచ్చి, కొన్ని అతుకులు వేశారు. తొమ్మిదేళ్లుగా నవలను ప్రాణంగా చూసుకున్నవాళ్లకు మింగుడుపడలేదు. ఇలాంటి గొడవల్లో సాధారణంగా గేమ్‌దే పైచేయి. సర్దుకోవాల్సింది పుస్తకమే.

మాస్ ఎఫెక్ట్.. మొదట్లో పద్ధతిగా, తర్వాత పట్టు తప్పి

బయోవేర్ కంపెనీ ‘మాస్ ఎఫెక్ట్’ మొదటి గేమ్ 2007 నవంబర్‌లో వచ్చింది. అదే ఏడాది మేలో ‘రెవలేషన్’ నవల వచ్చింది. రాసింది డ్రూ కార్పిషిన్. గేమ్‌కు ప్రధాన రచయిత కూడా ఆయనే. ఆండర్సన్ అనే ఆఫీసర్‌కు స్పెక్టర్ అయ్యే అవకాశం ఎలా చేజారింది, దాని వెనక సారెన్ చేసిన కుట్ర ఏంటి అనేది ఆ నవల కథ. గేమ్‌లో విలన్ ఆ సారెనే. మరి నవల చదవనివాళ్ల గతి? ఏం ఫర్వాలేదు. గేమ్‌లో ఆండర్సన్‌ను అడిగితే తనే క్లుప్తంగా చెబుతాడు. కథ నడవడానికి ఆ మాత్రం చాలు. రెండూ ఒకే మనిషి రాస్తే ఈ లాభం ఉంటుంది.

2012 నాటికి ఈ పద్ధతి పోయింది. ‘మాస్ ఎఫెక్ట్ 3’లో కై లెంగ్ అనే హంతకుడు ఉన్నట్టుండి ఊడిపడతాడు. రెండో గేమ్ నుంచి మనతో ఉన్న థేన్ అనే స్నేహితుడు బతికుంటే, అతన్ని పొడుస్తాడు. ఆ గాయంతోనే థేన్ పోతాడు. తర్వాత థెస్సియా గ్రహం మీద హీరో షెపర్డ్‌నే ఓడించి వెళ్లిపోతాడు. ఆటగాడు ఎంత బాగా ఆడినా అక్కడ ఓటమి తప్పదు. సెర్బెరస్ సంస్థ కోసం ఇతను చేసిన పనులు, ఆండర్సన్‌తో ఇతనికి ఉన్న పాత పగ, ఇవన్నీ 2010 నవల ‘రెట్రిబ్యూషన్’లో ఉన్నాయి. గేమ్ మాత్రం ఇతన్ని మనకు ముందే తెలిసినవాడిలా తెచ్చి నిలబెట్టింది. గేమ్ మాత్రమే ఆడినవాళ్లకు కై లెంగ్ మీద పగ పుట్టదు, చిరాకు పుడుతుంది.

పుస్తకమే గాడి తప్పితే ఏమవుతుందో కూడా ఆ ఏడాదే తెలిసింది. 2012 జనవరి చివర్లో ‘డిసెప్షన్’ నవల వచ్చింది. ఈసారి రచయిత మారారు, విలియం డైట్జ్ రాశారు. అంతకుముందు నవలల్లో ఆటిజం ఉన్న అమ్మాయిగా మనసులో నిలిచిపోయిన జిలియన్ ఇందులో దాదాపు వేరే మనిషిలా తయారైంది. పాత్రల వివరాలు, కాలాలు, ఆ లోకం నియమాలు చాలాచోట్ల తప్పాయి. ఫ్యాన్స్ ఊరుకోలేదు. తప్పులన్నిటినీ ఏరి పెద్ద జాబితా తయారుచేసి నెట్‌లో పెట్టారు. చివరికి బయోవేర్, ప్రచురణ సంస్థ డెల్ రే క్షమాపణ చెప్పి, తర్వాతి ముద్రణల్లో సరిదిద్దుతామన్నాయి.

అదే ఏడాది మార్చిలో ‘మాస్ ఎఫెక్ట్ 3’ ముగింపు మీద అంతకంటే పెద్ద గొడవ జరిగింది. అప్పుడు బయోవేర్ ఏం చేసింది? సందేహాలకు నవల రాయించలేదు. జూన్‌లో ‘ఎక్స్‌టెండెడ్ కట్’ పేరుతో ముగింపు సీన్లను గేమ్‌లోనే పెంచి ఉచితంగా ఇచ్చింది. అందరూ శాంతించలేదు గానీ, సమాధానం ప్రశ్న పుట్టిన చోటే దొరికింది.

ఇక ఆండ్రోమెడా సంగతి..

ఈ గేమ్‌లో మనుషులు, ఇతర జాతులు కలిసి మన గెలాక్సీ వదిలి ఆండ్రోమెడా గెలాక్సీకి వలసపోతారు. ఆరు వందల ఏళ్లకు పైగా నిద్రలోనే ప్రయాణం. జాతికో ఓడ. వెనక బయల్దేరిన క్వేరియన్ జాతి ఓడ మాత్రం ఇంకా రాలేదు. గేమ్ చివర్లో ఆ ఓడ నుంచి ఒక సందేశం వస్తుంది. మా దగ్గరికి రావద్దు అని! అంతటితో గేమ్ అయిపోతుంది.

ఏమైంది? ఎందుకు రావద్దంటున్నారు? తర్వాతి అదనపు భాగంలో తేలుతుందని అందరూ అనుకున్నారు. కానీ 2017 ఆగస్టులో బయోవేర్ పెద్ద కబురే చెప్పింది. ఈ గేమ్ కథకు ఇక కొత్త భాగాలు ఉండవని తేల్చేసింది. క్వేరియన్ ఓడ సంగతి మిగతా మాధ్యమాల్లో చెబుతామంది. 2018 నవంబర్‌లో కేథరిన్ వాలెంటే రాసిన ‘అనైహిలేషన్’ నవల వచ్చింది. నిద్రలో ఉన్న ప్రయాణికులు వరసగా చనిపోతుంటే, కొందరు మేలుకుని కారణం వెతికే కథ. పుస్తకంగా చూస్తే ఆసక్తికరమైన సరుకే.

అయితే వేల రూపాయలు పెట్టి గేమ్ కొని, పదుల గంటలు ఆడిన మనిషికి అది సరిపోతుందా? అతను ఆ లోకంలో తన చేత్తో తలుపులు తెరిచాడు, తనే నిర్ణయాలు తీసుకున్నాడు. ఆ ఓడను కాపాడే అవకాశం అతనికి రాలేదు. అక్కడేం జరిగిందో ఇంకొకరు చెబితే చదువుకోవాల్సి వచ్చింది. కట్టప్ప ప్రశ్నకు జవాబు పుస్తకంలో పెట్టడం అంటే ఇదే.

మళ్లీ బాహుబలి దగ్గరికే వస్తే, ఆ సినిమాకూ నవల ఉంది. ఆనంద్ నీలకంఠన్ రాసిన ‘ది రైజ్ ఆఫ్ శివగామి’ 2017లో, రెండో భాగం విడుదలకు ముందే వచ్చింది. అది శివగామి యవ్వనం కథ. కట్టప్ప ప్రశ్న జోలికి వెళ్లి సినిమా గుట్టు విప్పలేదు. చదవనివాళ్లు రెండో భాగంలో ఏమీ కోల్పోలేదు. 2024లో ‘కల్కి 2898 ఏడీ’కి ముందు ఓటీటీలో వచ్చిన ‘బుజ్జి అండ్ భైరవ’ యానిమేషన్ కూడా అంతే. చూస్తే సరదా, చూడకపోతే సినిమా అర్థం కాకుండా పోలేదు.

మరి పుస్తకం రాసినవాళ్లనే గేమ్‌లోకి పిలిస్తే? ‘గేర్స్ ఆఫ్ వార్’ విషయంలో అదే జరిగింది. మొదట ఆ గేమ్ లోకంలో నవలలు రాసిన కరెన్ ట్రావిస్‌తోనే 2011 నాటి ‘గేర్స్ ఆఫ్ వార్ 3’ కథ రాయించారు. నవలల్లో పండిన అనుభవం నేరుగా గేమ్‌లోకి వచ్చింది. నవల వల్ల గేమ్ కథే బాగుపడే దారి ఏదైనా ఉంటే, బహుశా ఇదే.

ఇవన్నీ చదివే ఓపిక ఎవరికుంది, యూట్యూబ్‌లో ‘స్టోరీ ఎక్స్‌ప్లెయిన్డ్’ వీడియో చూస్తే సరిపోతుంది కదా అంటారా? డైడాక్ట్ ఎవరో తెలుసుకోవడానికైతే అది చాలు. ఆటస్థలంలో నాణెం సీన్ మాత్రం వీడియోలో వింటే సమాచారం, నవలలో చదివితే అనుభవం.

ఇంగ్లిష్ చదవడం ఇబ్బంది లేనివాళ్లు ఒక పని చేసి చూడొచ్చు. ‘మాస్టర్ చీఫ్ కలెక్షన్’లో మొదటి ‘హేలో’ ఉంది, పీసీలోనూ దొరుకుతుంది. ముందు ఏమీ చదవకుండా గేమ్ మొత్తం ఆడండి. తర్వాత ‘ది ఫాల్ ఆఫ్ రీచ్’ చదవండి. చదివాక మళ్లీ గేమ్ తెరిచి, ఆ ఒక్క ‘కీస్’ మిషన్ ఆడండి. చిప్ కోసం చెయ్యి ఎత్తే సీన్ దగ్గర స్కిప్ బటన్ నొక్కకండి.